లారీ వెనక తొమ్మిది అక్షరాలు

మా ఇంట్లో వెనిగర్ సీసా మూత తీస్తే చాలు, నా రెండు చేతులూ వాటంతటవే వెళ్ళి నా తొడల కింద దూరిపోతాయి. మొన్న ఆదివారం మా ఆవిడ పచ్చిమిరపకాయలు చీల్చి వెనిగర్‌లో నానబెడుతోంది. నేను పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నాను. ఆ పుల్లటి ఘాటు ముక్కును పొడిచిందో లేదో, పేపరు నేల మీద ఉంది, నేను నా అరచేతుల మీద కూర్చుని ఉన్నాను. మా కాపురంలో ఆవిడ ఈ దృశ్యాన్ని తక్కువలో తక్కువ నాలుగు వేల సార్లు చూసి ఉంటుంది. నేను ప్రతిదీ పెంచి చెబుతానని ఆవిడ అభియోగం. ఆవిడ లెక్క ప్రకారం పదకొండు సార్లు. ఏ లెక్క నమ్ముతారో మీ ఇష్టం. చేతుల మీద కూర్చోవడం మాత్రం నిజం. ఆ అలవాటు నాకు నేర్పిన మనిషి పేరు కొమరయ్య.

మీరు కొమరయ్యను చూసి ఉండరు. కానీ ఒకప్పుడు ఉప్పల్ మీదుగా వరంగల్ వైపు వెళ్ళే లారీల వెనక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవారైతే ఆయన చేతిరాత చదివే ఉంటారు. వేరే పని లేక రెండు మూడు సార్లు చదివి ఉంటారు. పొట్టిగా, నల్లగా, తల మీద నాలుగు వెంట్రుకలతో (ఇది పెంచి చెప్పడం కాదు, తగ్గించి చెప్పడమూ కాదు) ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను బదులు సన్నటి కుంచె. ఆ కుంచెకు మూడో నాలుగో వెంట్రుకలు. మొత్తం మీద కుంచెకూ ఆయన తలకూ ఒక ఒప్పందం ఉన్నట్టుండేది.

నేను ఆయన దగ్గరికి వచ్చేనాటికి నాకు ముప్పై దాటాయి. మాది రేపల్లె. హైదరాబాదు వచ్చి హబ్సిగూడలో కంప్యూటర్ నేర్పే సెంటరు పెట్టి, దాన్ని ఎంతో దీక్షగా మూసేశాను. మిగిలిన ఒక కంప్యూటరూ, ఒక ప్రింటరూ, నేనూ కలిసి నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో ఉద్యోగానికి చేరాం. ఆ షెడ్డులో చిన్న చిన్న లారీలు, ట్యాంకర్లు, బాయిలర్లు తయారుచేసేవారు. అసలు బండిని ఇరవై నాలుగో వంతుకు కుదించి, ప్రతి నట్టూ బోల్టూ ఉండేలా చేస్తే, కంపెనీల వాళ్ళు వాటిని అద్దాల పెట్టెలో పెట్టి ముందు గదిలో ఉంచుకునేవారు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషి ఉదయం లోపలికి వెళ్ళి సాయంత్రం ఇరవై నాలుగో వంతుకు కుదించుకుని బయటికి వచ్చేవాడు. బండ్ల మీద ఉండే పేర్లు, నంబర్లు, గుర్తులు కంప్యూటర్లో చిన్నవి చేసి, జిగురు పూసిన ఒక ప్రత్యేకమైన కాగితం మీద ప్రింటు తీయడం నా పని. నీళ్ళలో ముంచితే కాగితం మీది బొమ్మ పల్చటి పొరగా ఊడి వస్తుంది. దాన్ని మోడల్ మీదికి జరపాలి. బయటి ప్రపంచంలో దాన్ని డెకాల్ అంటారు. మా షెడ్డులో అది నీళ్ళ స్టిక్కర్. ఆ నీళ్ళ స్టిక్కర్ల రాజ్యానికి కొమరయ్య మహారాజు.

చేరిన మూడో రోజున, ఆయన టీకి వెళ్ళిన సమయం చూసి, ఒక పాల ట్యాంకరు మీద నా సొంత చేతులతో ఒక డెకాల్ అంటించాను. బొటనవేలితో గట్టిగా అదిమాను. దాని మీద పిడికిలి కూడా వేశానేమో గుర్తు లేదు. ఆయన వచ్చాడు, చూశాడు, ట్యాంకరును కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

“ఎవరు అంటిచ్చిన్రు ఇది?”

“నేనేనండీ.”

“మంచిగ గుద్దినవ్. పోస్టాఫీసుల స్టాంపు గుద్దినట్టు గుద్దినవ్. లోపట గాలి జిక్కింది సూడు, చాప కడుపు లెక్క మెరుస్తుంది. ట్యాంకర్ మీద రాసినట్టుండాలె గని అతికిచ్చినట్టుంటదా?”

“కానీ ఇది అతికించిందే కదండీ.”

“గది నీకు నాకు ఎరుక. సూసెటోనికి ఎందుకు ఎరుక గావాలె?” అన్నాడు. తర్వాత ట్యాంకరు కింద పెట్టి, “గారు, అండీ బంద్ జెయ్. అన్నా అను. నిన్ను నేను సారు అంట. ఈ షెడ్డుల కంప్యూటర్ ఎరుకైనోడివి నువ్వొక్కనివే గదా,” అన్నాడు. ఆ రోజు నుంచి నేను ‘రేపల్లె సారు’ను. ఆయన నన్ను సారు అన్నప్పుడల్లా నా స్థానం రెండు మెట్లు దిగేది.

ఆయన పద్ధతి చెబుతాను. ముందు బండి మీద మెరిసే వార్నిష్ కొట్టాలి. గరుకు నేల మీద డెకాల్ పెడితే కింద గాలి నిలబడిపోయి తెల్లగా మెరుస్తుంది. నున్నటి నేల మీద గాలికి చోటుండదు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో డెకాల్ ముక్కను ముంచాలి. ఎంతసేపు? ఇక్కడ గడియారం పనికి రాదని కొమరయ్య సిద్ధాంతం. ఆయన బస్సు స్టాపులు లెక్కపెట్టేవాడు. “ఉప్పల్... స్ట్రీట్ నంబర్ ఎనిమిది... హబ్సిగూడ... తార్నాక... మెట్టుగూడ...” అంటూ, ఒక్కో స్టాపు దగ్గర జనం ఎక్కి దిగేంత సేపు ఆగుతూ చదివేవాడు. వానాకాలం సరిగ్గా మెట్టుగూడకు వచ్చేసరికి పొర కదిలేది. ఎండాకాలం తార్నాకలోనే దిగిపోయేది. చలికాలం ఆలుగడ్డ బావి దాటి సికింద్రాబాద్ స్టేషను దాకా పోవాల్సి వచ్చేది. ఒకసారి నేను తొందరపడి హబ్సిగూడలోనే లాగితే అది రెండు ముక్కలైంది. “నడుస్తున్న బస్సుల నుంచి దుంకితే గట్లనే అయితది,” అన్నాడాయన, ముక్కలను ఊడ్చేస్తూ.

జరిపి కూర్చోబెట్టాక తడి కుంచెతో మధ్య నుంచి అంచుకు నీళ్ళు తోలాలి. బుడగ కనబడితే సూది మొనతో పొడవాలి. ఆ తర్వాత వెనిగర్. సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌ను కుంచెతో పైన తడితే ఆ పొర మెత్తబడి చెక్క సందుల్లోకీ, బోల్టుల చుట్టూ దిగి, పెయింటు లాగా పట్టేస్తుంది. చివర మెరుపు లేని వార్నిష్ కొడితే డెకాల్ అంచు మాయం. చెప్పడానికి ఇంతే. అసలు గండం వెనిగర్ తడిపిన వెంటనే వస్తుంది. పొర ముడతలు పడుతుంది. అలా ఇలా కాదు, తొంభై ఏళ్ళ ముసలమ్మ నుదురులాగా పడుతుంది. కళ్ళముందే పని నాశనమైపోతున్నట్టుంటుంది. చేతులు ఆగవు, వేలితో సవరించాలనిపిస్తుంది. సవరిస్తే పోయిందే. ముట్టకుండా వదిలేస్తే ఆ ముడతలు వాటంతటవే సర్దుకుని పొర మైనంలా దిగిపోతుంది. అందుకే ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. వెనిగర్ పెట్టినవాడు కుంచె కింద పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. ఓనరు సారు అటుగా వచ్చినా చేతులు తీసి నమస్కారం పెట్టకూడదు. వెనిగర్ సీసా మీద కొమరయ్య తన కుంచెతో ఎర్ర రంగులో ‘వెనిగర్ – తాగరాదు’ అని రాసి పెట్టాడు. తాగరాదులోని ‘రా’ తోక, కోడిపుంజు తోకలా పైకి ఎగిరి ఉండేది. ఆ తోకను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

స్టిక్కర్లంటే అంత ప్రేమ ఉన్న మనిషిని చూసి, ఒకరోజు టీ తాగుతూ, “నువ్వు మొదటి నుంచీ ఈ పనేనా అన్నా?” అని అడిగాను. ఆయన నవ్వాడు. ఆలేరు పక్కనుంచి వచ్చి, ఉప్పల్‌లో రోడ్డు వారన పంక్చర్ షాపు పక్క జాగాలో పద్దెనిమిదేళ్ళు లారీల మీద అక్షరాలు రాశాడట. నంబర్లు, దేవుళ్ళ పేర్లు, పిల్లల పేర్లు, దూరంగా ఉండమనే హెచ్చరికలు. ఒకరోజు ఎదురుగా రేడియం స్టిక్కర్ల షాపు పెట్టారు.

“మరి కోపం రాలేదా?”

“కోపమెందుకొస్తది? పోయి ఒక స్టిక్కర్ తెచ్చుకున్న. వాసన జూసిన. పెయింట్‌కు వాసనుంటది, దానికి లేదు. ఎండబెట్టుడు లేదు, ఆగుడు లేదు. ఇగ ఇది గెలుస్తది అనుకున్న. డబ్బాలు కడిగి మూతలు పెట్టిన. గంతే.”

“గంతేనా!”

“ఇంకేంది మరి? స్టిక్కర్ నా కడుపు గొట్టింది, మల్ల స్టిక్కరే బువ్వ పెడ్తుంది. దాని మీద అలిగి ఏం జేయాలె?”

నేనైతే ఈ సంఘటన మీద కనీసం మూడేళ్ళు ఏడ్చి ఉండేవాణ్ణి. ఆయన మాత్రం టీ గ్లాసు కడిగి బోర్లించి లేచిపోయాడు. చేతి పని పోయినవాడికి చేతిలో మిగిలిందొక్కటే: అక్షరం ఎక్కడ అరుగుతుంది, ఎక్కడ మాస్తుంది అన్న జ్ఞానం. డ్రైవరు తలుపు పిడి పక్కన ఉన్న అక్షరం రోజూ చెయ్యి తగిలి చెరిగిపోతుంది. టైరు పైనున్న అక్షరం బురదతో కిందినుంచి మాస్తుంది. డెకాల్ ఆరాక ఆయన పుల్ల మొనతో అచ్చం అక్కడే, అంతే అరగదీసేవాడు. అందుకే ఆయనకొక నియమం ఉండేది. అసలు బండిని చూడకుండా మోడల్ మీద అక్షరం పెట్టకూడదు. ఫోటో చాలదు. ఈ నియమం పుణ్యమా అని నేను నాచారం, మల్లాపూర్, చర్లపల్లిలోని ప్రతి ఫ్యాక్టరీ గేటు ముందూ ఎండలో నిలబడ్డాను. మమ్మల్ని దొంగలనుకోని వాచ్‌మన్ ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. రాష్ట్రం ఇంకొన్ని రోజుల్లో రెండవుతుందనగా, ఆ మే నెల ఎండల్లో, బోడుప్పల్ నుంచి జంగయ్య సేటు వచ్చాడు. ఆయనకిప్పుడు టిప్పర్లు ఆరున్నాయి. కానీ ఆయన జీవితం ఒక్క లారీతో మొదలైంది. దాన్ని తుక్కుకు అమ్మేశాడు. కోసేలోపు దాని మోడల్ చేయించి, ఆఫీసులో తన కుర్చీ ఎదురుగా పెట్టుకోవాలని కోరిక. అదే రకం లారీ మోడల్ ఒకటి షెడ్డులో సిద్ధంగానే ఉంది, రంగూ అక్షరాలూ వేయడమే మిగిలింది. బండి వెనక ఎర్రటి చెక్క తలుపు మీద పసుపు రంగులో తొమ్మిది అక్షరాలు: కీసర రామన్న దీవెన. ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఫోటోలో దుమ్ము ఎక్కువ, లారీ తక్కువ.

ఇక్కడ మీకొక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ తొమ్మిది అక్షరాలూ పాతికేళ్ళ కింద కొమరయ్య రాసినవే. ఆయన రాసిన వందలాది లారీల్లో అన్నీ తుక్కయిపోయాయి, లేదా వాటి మీద రేడియం ఎక్కింది. ఆయనకు తెలిసినంతలో తన చేతిరాత మిగిలిన బండి అదొక్కటే, అదీ నాలుగైదు రోజుల్లో కోతకు పోతోంది. ఇక ఆ అక్షరాలు భూమ్మీద మిగలాలంటే మేం చేసే అరచెయ్యంత మోడల్ తలుపు మీదే మిగలాలి. ఇదంతా ఆయన ఆ ఫోటో చూసిన క్షణంలోనే గ్రహించాడు. ఒక్క ముక్క బయటికి అనలేదు. సేటు ఆయనను గుర్తుపట్టలేదు. రోడ్డు వారన రాసే పెయింటరుకు ముఖం ఉండదు, వీపే ఉంటుంది. సంగతి తెలియని మూర్ఖుణ్ణి నేనొక్కణ్ణే.

“బండి పోచారం దాటినంక యార్డుల ఉన్నదట. రేపు పోయి సూసి రా, సారూ. నాకు మోకాళ్ళు లేస్తలేవు,” అన్నాడు కొమరయ్య. అప్పటికే ఆయన కుడి చెయ్యి వణికేది. కుంచె పట్టుకుంటే మాత్రం ఆగేది.

మర్నాడు బయలుదేరాను. ఉప్పల్ దాకా వెళ్ళాను. ఆ ఎండ నలభై ఆరు డిగ్రీలని వాతావరణ శాఖ అని ఉండవచ్చు. నా అంచనా ప్రకారం నూట పది. చెరకు రసం బండి దగ్గర రెండు గ్లాసులు తాగి, ఫోటో ఉంది కదా, తలుపు తలుపే కదా, అక్షరాలు అక్షరాలే కదా అని నాకు నేను తర్కం చెప్పుకుని వెనక్కి వచ్చేశాను.

“సూసినవా?”

“చూశానన్నా.”

“‘న్న’ కింద ఏమున్నది?”

“ఏముంటుంది? వట్టి చెక్క.”

ఆయన నా ముఖం చూడలేదు. నా కాళ్ళ వైపు చూశాడు. “సరే. పెట్టు,” అన్నాడు.

కంప్యూటర్లో ఉన్నవాటిలోకెల్లా అందమైన అక్షరాలు ఎంచి, గీత గీసినట్టు నిలబెట్టి, ప్రింటు తీసి, తార్నాక దాకా ఆగి, వెనిగర్ పెట్టి, చేతుల మీద కూర్చుని, గొప్పగా పూర్తి చేశాను. పెళ్ళిపత్రిక మీద కూడా అంత శుభ్రమైన అక్షరాలు ఉండవు. జంగయ్య సేటు వచ్చి మోడల్‌ను చుట్టూ తిరిగి చూశాడు. ముందు అద్దాలు చూసి నవ్వాడు, టైర్లు చూసి నవ్వాడు. వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

“మస్తుగుంది. గని ఇది నా బండి గాదు.”

“అదేంటి సేటూ?”

“అద్దంల మొకం జూసుకుంటే ఇంకోని మొకం కనిపిచ్చినట్టున్నది. ‘న్న’ కింద చుక్క ఏది?”

“ఏ చుక్క?”

“కారిన చుక్క. నువ్వు పోయి సూసినవా లేదా?” అని ఆయన చెప్పుకొచ్చాడు. కొత్త బండి, మొదటి లోడు. కీసరగుట్టకు పోయి పూజ చేయించి, ఉప్పల్‌లో పేరు రాయించుకున్నాడు. సిమెంటు లోడుకు ఆలస్యమవుతోందని పెయింటరును తొందరపెట్టాడు. ఆరకముందే బండి తీశాడు. పెయింటరు జాగా ముందున్న మొదటి గుంతలోనే ‘న్న’ కింది నుంచి ఒక పసుపు చుక్క కారి, వేలెడు దూరం జారి, అక్కడే ఎండిపోయింది. “ఆ చుక్కను జూసినప్పుడల్లా, ఇంకోపారి తొందరపడొద్దు జంగయ్యా అనుకునేటోన్ని. గదే లేకుంటే ఈ బొమ్మెందుకు నాకు? రేపు పొద్దుగాల కోస్తున్రు బండిని.”

కొమరయ్య చెప్పులు వేసుకున్నాడు. “పా సారూ. సేటూ, నీ జీపు తియ్,” అన్నాడు. లేవని మోకాళ్ళు ఎలా లేచాయో నాకు ఇప్పటికీ తెలియదు.

యార్డులో ఆ లారీ సగం విప్పేసి ఉంది. ఇంజను లేదు, టైర్లు లేవు. వెనక తలుపు మాత్రం అలాగే ఉంది. వెలిసిపోయిన ఎరుపు మీద పసుపు అక్షరాలు. ‘రామన్న’లోని ‘రా’ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. కోడిపుంజు తోక. ఎనిమిదేళ్ళుగా వెనిగర్ సీసా మీద రోజూ చూస్తున్న తోక. నేను కొమరయ్య వైపు తిరిగాను. సేటు అవతల గ్యాస్ కట్టర్ల వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

“అన్నా, ఇది నీ రాత.”

“ఊ.”

“ముందే ఎందుకు చెప్పలేదు? చెబితే నేను పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి కదా!”

“నాది అని జెప్తే నువ్వు నా కోసం జేస్తవ్. బండి కోసం జెయ్యాలె.”

“నేను రాలేదని నీకు తెలుసా?”

“ఈ దారిల అంతా ఎర్ర దుమ్ము. నీ చెప్పులు పెండ్లికొడుకు చెప్పుల లెక్క మెరుస్తున్నయ్. ఇగ తెల్వకుంటదా?”

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. రేపల్లెలో మా లెక్కల మాస్టారు అయితే ఊరంతా వినేలా తిట్టేవారు. అవేవీ నాకిప్పుడు గుర్తు లేవు. ఆ చెప్పుల మాట మాత్రం గుర్తుంది.

వెంట తెచ్చిన, కింది గీతలు పైకి కనబడే బటర్ పేపరు చుట్టను తలుపు మీద పరిచి, నేను రెండు చివరలూ పట్టుకున్నాను. కొమరయ్య పెన్సిలుతో తన అక్షరాల మీద తానే గీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు పెన్సిలు పట్టుకున్నా ఆయన చెయ్యి ఆగలేదు. గీత వణుకుతూ సాగింది. గ్యాస్ కట్టర్ పట్టుకున్న మనిషి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

“ఏందే తాతా, బండినే కోసేస్తున్నం, దాని మీది రాతకేం ఫికర్?”

“నీకు ఫికర్ లేకుంటే జర పక్కకు జరుగు తమ్మీ, నీడ పడుతుంది,” అన్నాడు కొమరయ్య.

నేను తలుపును ఎదురుగా, పక్కగా, పైనుంచి ఫోటోలు తీశాను. చుక్కకు విడిగా ఎనభై ఫోటోలు తీశాను. సరే, ఎనిమిది. జీపెక్కి వెనక్కి బయలుదేరాం. ఉప్పల్ దగ్గరికి వచ్చాక నా ముఖం చూసి కొమరయ్యకే జాలి కలిగినట్టుంది. “ఊకో సారూ. వచ్చే నెల నుంచి నువ్వు రేపల్లె పోవాలంటే పాస్‌పోర్ట్ జూపాలె. గిప్పుడే ఇంత పరేషానైతే ఎట్ల?” అన్నాడు. సేటు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

అక్షరాలను ఫోటోల నుంచీ, బటర్ పేపరు నుంచీ కంప్యూటర్లోకి ఎక్కించి కుదించడానికి రెండు రోజులు పట్టింది. ముదురు రంగు మీద పసుపు నిలవాలంటే కింద తెల్ల పొర ఉన్న డెకాల్ కాగితం కావాలి. అలాంటిది షెడ్డులో ఒక్క ముక్కే మిగిలింది. కొత్తది తెప్పించే వ్యవధి లేదు. సేటు శుక్రవారం నాడు మోడల్‌ను కీసర గుట్టకు తీసుకుపోయి పూజ చేయిస్తానని మొక్కుకున్నాడు. పాత డెకాల్‌ను టేపుతో ఊడలాగి, తలుపుకు మళ్ళీ ఎర్ర రంగు, మళ్ళీ మెరిసే వార్నిష్ కొట్టాం. ఒక్క ముక్క ప్రింటు. చుక్కతో సహా తొమ్మిది అక్షరాలు.

కొమరయ్య కుంచె తీసుకున్నాడు. చెయ్యి వణికింది. ఆయన ఆగాడు, ఊపిరి పీల్చి వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. వణుకు ఆగలేదు. ఆయన తన చేతిని కాసేపు, పనికి ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత కుంచె నా వైపు చాచాడు.

“నువ్వు పెట్టు.”

“అన్నా, ఒక్కటే ముక్క ఉంది. నేను చెడగొడితే?”

“చెడగొడ్తే చెడిపోతది. నేను పెడ్తే చెడిపోవుడు ఖాయం. ముంచు. నేను లెక్కపెడ్త.”

ముంచాను. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. “ఉప్పల్...” ఆ రోజు ఉప్పల్‌లో జనం విపరీతంగా ఎక్కినట్టున్నారు, బస్సు కదలలేదు. “స్ట్రీట్ నంబర్ ఎనిమిది... హబ్సిగూడ...” నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. తార్నాక ఇంకా రాకముందే పొర కదిలినట్టనిపించింది, నా వేళ్ళు ముందుకు పోయాయి. “ఆగు. ఇంకా స్టాప్ రాలే,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “తార్నాక... ఆఁ, దిగు.”

జరిపాను. తలుపు అంచుకు అంచు కూర్చుంది. తడి కుంచెతో మధ్య నుంచి నీళ్ళు తోలాను. ‘న్న’ కింద, సరిగ్గా చుక్క పక్కన, ఆవగింజంత బుడగ. నా కళ్ళకు అది గుమ్మడికాయంత కనబడింది. సూదితో పొడిచాను. వెనిగర్ తడిపాను. కుంచె కింద పెట్టి, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. పక్కన చూస్తే కొమరయ్య కూడా తన చేతుల మీద తాను కూర్చున్నాడు.

ముడతలు మొదలయ్యాయి. ముందు ‘కీ’ ముడుచుకుంది. ‘రా’ తోక కుంచించుకుపోయింది. పాతికేళ్ళు నిలబడి, ఎండకూ వానకూ ఆగి, గ్యాస్ కట్టర్‌కు ఒక రోజు ముందు తప్పించుకున్న అక్షరాలు నా ఎదుట గుడ్డపీలికలా నలిగిపోతున్నాయి. నా కుడి చెయ్యి తొడ కింద నుంచి బయటికి రావడానికి చేసిన ప్రయత్నం గురించి ఒక గ్రంథం రాయవచ్చు.

“అన్నా, పోయింది.”

“పోలే. కూసో.”

“‘రా’ చూడు!”

“సూస్తున్న. నేను రాసిందే గదా. దానికి దిగుడు ఎరుకే. కూసో.”

కూర్చున్నాను. రేకుల పైన ఎండ చిటపటలాడింది. ఎంతసేపో చెప్పలేను, నా లెక్కలు మీకు తెలిసినవే. ముందు ‘దీవెన’ సర్దుకుంది. తర్వాత ‘కీసర’. అన్నిటికన్నా చివర ‘రా’ తోక మెల్లగా విప్పారి, చెక్క సందులోకి దిగి, పైకి ఎగిరి నిలబడింది. చుక్క చుక్కలాగే ఉంది.

శుక్రవారం ఉదయం జంగయ్య సేటు వచ్చాడు. ఈసారి ముందు అద్దాలు చూడలేదు. నేరుగా వెనక్కి వచ్చి వంగాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చూపుడువేలి గోరుతో చుక్క మీద మెల్లగా గీకి చూశాడు, పెయింటు గడ్డ తగులుతుందేమోనని. ఏమీ తగల్లేదు. మళ్ళీ గీకాడు. కొమరయ్య ముఖంలో, ఈ ఎనిమిదేళ్ళలో నేను చూడని ఒక వెలుగు కనబడింది.

“గిదీ నా బండి,” అన్నాడు సేటు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. “పాపం, రాసినోడు ఎవడో ఏమో. పానం తీసిన ఆ దినం. ‘ఇంకెంత సేపు, ఇంకెంత సేపు’ అని నెత్తి మీద నిలబడ్డ. మస్తు తిట్టుకోని ఉంటడు నన్ను.”

“తిట్టుకోలే సేటూ,” అన్నాడు కొమరయ్య, వెనిగర్ సీసా మూత బిగిస్తూ. “నవ్వుకున్న.”

సేటు తల ఎత్తాడు. ఆయన చూపు కొమరయ్య మీద, కొమరయ్య చేతిలోని సీసా మీద, సీసా మీది ‘తాగరాదు’ మీద, మళ్ళీ లారీ మీద తిరిగింది. మోడల్‌ను వదిలి, వచ్చి, కొమరయ్య వణికే చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అలా పట్టుకుని ఉన్నంతసేపూ అది వణకలేదు. ఈ ఒక్క విషయం మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. ఆ సాయంత్రం కొమరయ్యను కూడా జీపులో ఎక్కించుకుని కీసరకు తీసుకుపోయాడు. లారీ మోడల్ కొమరయ్య ఒళ్ళోనే ఉందట.

రెండేళ్ళకు కొమరయ్య పని మానేసి ఆలేరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి చలికాలంలో పోయాడు. షెడ్డు కూడా ఇప్పుడు లేదు, అక్కడ గోడౌన్ కట్టారు. ఆలేరు వెళ్ళేముందు ఆయన నాకు ఇచ్చింది ఏమీ లేదు. నేనే అడిగి తీసుకున్నాను. బటర్ పేపరు చుట్ట. మా బీరువా పైన ఉంది. విప్పితే నేలంతా పరుచుకుంటుంది. పాతికేళ్ళ కింద నిబ్బరంగా రాసిన అక్షరాల రూపం, దాన్ని పట్టుకుని వణుకుతూ పోయిన పెన్సిలు గీత. ఒకే చెయ్యి రెండుసార్లు. ఎక్కడా ఒక్కచోట కూడా గీత అక్షరాన్ని వదిలి బయటికి పోలేదు.

నేనిప్పుడు డెకాల్స్ అంటించడం లేదు. ఇలాంటివి రాసుకుని బతుకుతున్నాను. ఇందులోనూ ముడతలు పడే సమయం ఒకటి వస్తుంది. రాసింది పాడైపోతున్నట్టనిపిస్తుంది, చేతులు వేసి సవరించబుద్ధేస్తుంది. అప్పుడు కుర్చీలో చేతుల మీద కూర్చుంటాను. ఏ సంగతి గురించైనా రాయబోయే ముందు వెళ్ళి చూసి వస్తాను. చూడకుండా రాయబుద్ధేసినప్పుడు నా చెప్పుల వంక చూసుకుంటాను.

మొన్న ఆదివారం కూడా అంతే. మిరపకాయల సీసాలోకి వెనిగర్ వంపుతూ మా ఆవిడ ఏదో అడిగిందట, నేను పలకలేదట. రెండోసారి గట్టిగా అడిగింది.

“ఏమండీ, మిమ్మల్నే. ఎక్కడున్నారు?”

“హబ్సిగూడ దాటాను,” అన్నాను. “ఒక్క స్టాపు ఆగు.”